ఎండిన చేను, ఎదిగిన లెక్క



జార్జ్ ఆర్వెల్ రాసిన 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' నవల గురించి ఈ పూట రేడియోలో మాట్లాడతాను. 1949 జూన్ 8న లండన్‌లో వెలువడిన పుస్తకం. రాసేనాటికే క్షయ ఆయన్ని తినేస్తోంది. పుస్తకం బయటికొచ్చిన ఏడు నెలలకే, 1950 జనవరి 21న, 46 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. నియంతృత్వం మీద ఎక్కడ మాట వచ్చినా ఎవరో ఒకరు ఈ నవల పేరెత్తుతారు. దాని మీద పండితులు రాసింది చాలా ఉంది. నేను చెప్పబోయేది ఒక పాఠకుడి అనుభవం. అనంతపురం జిల్లాలో చెనక్కాయ చేల మధ్య పుట్టి పెరిగినవాడు ఆ నవల చదివితే ఏ పేజీ దగ్గర కడుపు మండుతుంది, ఏ పేజీ దగ్గర గొంతు పూడుకుపోతుంది, ఆ సంగతి.

కథ క్లుప్తంగా చెబుతాను. ఓషియానియా అని ఒక రాజ్యం. దాన్ని ఏలేది ఒక పార్టీ. పార్టీకి పెద్ద దిక్కు 'పెద్దన్న'. ఆయన్ని ఎవరూ ఎన్నడూ చూసింది లేదు, గోడగోడకూ ఆయన బొమ్మే. పార్టీవాళ్ల ఇళ్లలో టెలీస్క్రీన్ అనే యంత్రం ఉంటుంది. అది వార్తలు చెబుతూనే ఇంట్లోవాళ్లను కనిపెట్టి చూస్తూ ఉంటుంది, ఆపడానికి వీల్లేదు. ఆ రాజ్యంలో విన్‌స్టన్ స్మిత్ ఒక చిన్న ఉద్యోగి. సత్య మంత్రిత్వ శాఖ అనే కచేరీలో పాత పత్రికలను దిద్దడం అతని పని. ప్రభుత్వం నిన్న చెప్పింది ఇవాళ తప్పని తేలితే, నిన్నటి పత్రికనే మార్చి మళ్లీ అచ్చువేస్తారు. అసలు ప్రతిని గోడలో ఉన్న ఒక కంతలో పడేస్తారు. అది కిందున్న కొలిమిలో కాలి బూడిదవుతుంది.

ఈ నవల అనగానే చాలామంది టెలీస్క్రీన్ గురించే మాట్లాడతారు. ఇప్పుడు చేతిలో ఫోనుంది, వీధిలో కెమెరా ఉంది కాబట్టి ఆ భయం అర్థమయ్యేదే. నన్ను పట్టి కుదిపింది మాత్రం విన్‌స్టన్ చేసే ఉద్యోగం.

ఒకరోజు అతని బల్ల మీదికి బూట్ల లెక్క వస్తుంది. మూడు నెలల్లో 14.5 కోట్ల జతల బూట్లు తయారవుతాయని ప్రభుత్వం ముందు అంచనా వేసింది. తయారైంది 6.2 కోట్ల జతలేనని ఇప్పుడు చెబుతోంది. విన్‌స్టన్ ఏం చేస్తాడంటే, పాత అంచనాను తీసుకుని 5.7 కోట్లని దిద్దుతాడు. దాంతో లక్ష్యాన్ని మించి ఉత్పత్తి జరిగినట్టయిపోయింది. దిద్దుతూనే అనుకుంటాడు, అసలు ఒక్క జత కూడా తయారై ఉండకపోవచ్చునని. కాగితం మీద కోట్ల బూట్లు, దేశంలో సగం మందివి ఒట్టి కాళ్లు.

ఆ తర్వాత చాక్లెట్ రేషన్. మనిషికి 30 గ్రాములుండేదాన్ని 20 గ్రాములకు తగ్గిస్తారు. తగ్గించబోమని అంతకుముందు ప్రభుత్వమే మాట ఇచ్చింది. ఆ మాటను పాత పత్రికల్లోంచి తీసేసి, తగ్గించాల్సి రావచ్చునన్న హెచ్చరికగా మార్చేది విన్‌స్టనే. మరునాడు టెలీస్క్రీన్‌లో వార్త వస్తుంది. చాక్లెట్ రేషన్‌ను 20 గ్రాములకు పెంచినందుకు పెద్దన్నకు కృతజ్ఞతలు చెబుతూ జనం ఊరేగింపులు తీశారట! చుట్టూ ఉన్నవాళ్లు అది విని తల ఊపుతారు. ఇరవై నాలుగ్గంటలు కూడా గడవలేదు. ముప్పై అన్న అంకె గుర్తున్నది తనొక్కడికేనా అని విన్‌స్టన్ గుండెల్లో దిగులు మొదలవుతుంది.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి లేచాను. నాకు కలిగింది భయం కాదు, ఒళ్లు మండే కోపం. ఎందుకో చెప్పాలంటే మా మేనమామ సంగతి చెప్పాలి.

మా మామకు వాన పడినరోజు గోడ మీద కేలండర్లో రాసిపెట్టే అలవాటు. ఆ తేదీ గడిలో పెన్సిలుతో నాలుగే నాలుగు మాటలు. 'జానెడు పదును.' 'నేల తడిసె, అంతే.' 'మోడం వచ్చి పోయె.' ఏడాది అయిపోతే ఆ కేలండరు చుట్టి అటక మీద పెడతాడు. మన జిల్లాలో ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. అది కూడా ఎప్పుడు పడిందన్నదే బతుకు. ఆరుద్రలోనో పునర్వసులోనో విత్తనం పడుతుంది. చెట్టు పూతకొచ్చి ఊడలు దిగే వేళకు నేల మెత్తగా ఉండాలి. సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేస్తుంది.

అట్లాంటి ఒక ఏడాది మామ చేలోంచి చెట్టు పీకి చూపించాడు. ఆకు పచ్చగానే ఉంది, దూరం నుంచి చూసేవాడు పంట బాగుందనే అంటాడు. కొమ్మల కింద చూస్తే ఊడలు సూదుల్లా వేలాడుతున్నాయి. గట్టిపడ్డ నేలలోకి దిగలేక, గాల్లోనే మొన నల్లబడి ఎండిపోయినాయి. కష్టపడి దిగిన ఒకటి రెంటికి లొట్టకాయలు. వేలితో నొక్కితే 'టప్' మని పగిలినాయి, లోపల గింజ లేదు. ఆ చేలో ఇంక పనికొచ్చేది పశువులకు కట్టె మాత్రమే. అయితే మండల కేంద్రంలో వాన కొలిచే గొట్టంలో ఆ నెల వాన పడింది. మా ఊళ్లో పడలేదు, అక్కడ పడింది. మబ్బుకు మండలాల హద్దులు తెలీవు కదా. కాగితం మీద మా ఊరి నేల తడిసింది, పంట నిలబడింది. నష్టం లెక్కలోకి ఎక్కలేదు. మామ కేలండరు చుట్టుకుని పోయి చూపించినాడు. దానికి విలువేముంది, సర్కారు ముద్ర లేదు కదా.

నవలలో విన్‌స్టన్ కూడా రహస్యంగా ఒక డైరీ రాస్తాడు. ఆ రాజ్యంలో డైరీ రాసినట్టు బయటపడితే మరణశిక్షో, పాతికేళ్ల వెట్టిచాకిరీ శిబిరమో తప్పదు. అయినా రాస్తాడు, తన కళ్లు చూసింది ఎక్కడో ఒకచోట ఉండాలని. నేను ఈ కథ మామకు చెప్పాను. చాక్లెట్ దగ్గరికొచ్చేసరికి ఆయన చేస్తున్న పని ఆపినాడు.

"ముప్పై పోయి ఇరవై ఐతే, పెరిగిందని పండగ చేసిరా?"

"అవును మామా."

"ఇది కత గాదప్పా. ఆయప్పది యా ఊరు?"

"ఇంగ్లండు మామా. పుట్టింది మాత్రం మన బీహార్లో."

"అట్ల చెప్పు మరి" అన్నాడు, ఇప్పుడు లెక్క సరిపోయిందన్నట్టు.

నిజమే. ఆర్వెల్ 1903 జూన్ 25న బీహార్‌లోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సర్కారు నల్లమందు శాఖలో ఉద్యోగి. పసితనంలోనే తల్లి ఇంగ్లండుకు తీసుకుపోయింది. పెద్దవాడయ్యాక బర్మాలో పోలీసు అధికారిగా ఐదేళ్లు పనిచేసి, సామ్రాజ్యం చేతిలో లాఠీగా ఉండటం అంటే ఏమిటో తెలుసుకుని, ఆ ఉద్యోగం వదిలేశాడు. మా మామ అన్న మాటలో నాకు కనిపించిన నిజం ఇంకొకటి. తిండిగింజల లెక్కను సర్కారు ఇష్టమొచ్చినట్టు రాసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. ఆర్వెల్ పుట్టకముందే మన రాయలసీమ దాన్ని చవిచూసింది.

ధాత కరువు గురించి మన ముసలివాళ్ల నోట వినే ఉంటారు. ధాత నామ సంవత్సరం, అంటే 1876. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. బళ్లారి జిల్లాలో భాగం, 1882లో వేరు చేశారు. వానలు పోయినాయి, పంట పోయింది, ధరలు మండినాయి. సీమ జిల్లాల్లో జనం కరువు పనులకు తట్టాపారా పట్టుకుని పోయినారు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ మహా వైభవంగా దర్బారు జరిపి, విక్టోరియా రాణిని భారతదేశానికి చక్రవర్తినిగా ప్రకటించాడు. అదే నెలలో కరువు ఖర్చు తగ్గించడానికి సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారిని మద్రాసు రాజధానికి పంపించారు. ఆయన వచ్చి, పొద్దంతా కష్టం చేసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు, 450 గ్రాములు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ.

ఇదే టెంపుల్ మూడేళ్ల ముందు, 1874లో, బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడినవాడు. చావులు చాలా తక్కువగా జరిగినాయి. దానికి మెప్పు రాకపోగా, డబ్బు తగలేశాడని పైవాళ్లు తిట్టిపోశారు. ఆ తిట్లు తిన్న మనిషి మన దగ్గరికొచ్చేసరికి వేరే మనిషైపోయాడు. నవల చదువుతుంటే నాకు టెంపుల్ పదేపదే గుర్తొచ్చాడు. రాజ్యం మనిషిని చితకబాది మార్చక్కర్లేదు, మంచిపని చేసినందుకు ఒక్కసారి గట్టిగా మందలిస్తే సరిపోతుంది.

ఆ పౌను లెక్కకు ఎదురుతిరిగిన మనిషి కూడా ప్రభుత్వంలోనే ఉన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. ఆ తిండితో కష్టం చేసేవాడు బతకడని వాదించి, రికార్డులో పెట్టి, పోరాడాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత దిగొచ్చి, పౌనుంపావు ధాన్యం, దానికి తోడు కాస్త పప్పు ఇచ్చేట్టు చేసింది. అప్పటికే ఎంతమంది రాళ్లు కొడుతూ రాళ్ల మీదే ఒరిగారో! ఆ కరువులో చనిపోయినవాళ్లు యాభై లక్షలకు పైమాటేనని అంచనా. 1871 జనాభా లెక్కలు, 1881 లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే మన సీమ జిల్లాల్లో జనం తగ్గిపోయి కనిపిస్తారు. కార్నిష్ లాంటివాళ్లు రాసిపెట్టారు కాబట్టి, విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు 1878లోనే దాన్ని పుస్తకంగా వేశాడు కాబట్టి, పౌను సంగతి ఇవాళ మనం మాట్లాడుకుంటున్నాం. ఆ కాగితాలు కూడా ఒక కొలిమిలో పడి ఉంటే?

ఆ చావుల తర్వాతే కరువు కమిషన్ కూర్చుంది, 1883లో ఫామిన్ కోడ్ వచ్చింది. కరువని ప్రభుత్వం ప్రకటిస్తే జనానికి పని చూపించాలి, తిండి పెట్టాలి. ఎంత పెట్టాలో కూడా రాసిపెట్టారు. ఆ కోడ్ వెనక మన సీమ జనం ఎముకలున్నాయి. అది చేతిలో ఉండగానే 1943లో బెంగాల్లో దాదాపు ముప్పై లక్షల మంది పోయారు. ప్రభుత్వం ఆ ఏడాది కరువు ప్రకటించనే లేదు. ప్రకటిస్తే కోడ్ ప్రకారం తిండి పెట్టాలి కదా! కలకత్తాలో 'స్టేట్స్‌మన్' పత్రిక 1943 ఆగస్టు 22న వీధుల్లో పడివున్న మనుషుల ఫోటోలు అచ్చువేసిన తర్వాతే ప్రపంచం ఉలిక్కిపడింది.

ఆ రోజుల్లో ఆర్వెల్ ఎక్కడున్నాడనుకున్నారు? లండన్‌లో బీబీసీలో. 1941 ఆగస్టు నుంచి 1943 నవంబరు దాకా భారతదేశ శ్రోతల కోసం రేడియో ప్రసంగాలు తయారుచేసే ఉద్యోగం. ఇప్పుడు నేను మీకు చదువుతున్నానే, ఇట్లాంటివే. ఆయన రాసిన వారపు సమీక్షలు గుజరాతీ, మరాఠీ, బెంగాలీ భాషల్లో కూడా వెళ్లేవి. ప్రతి కాగితమూ సెన్సారు చేతుల మీదుగానే మైకు దగ్గరికి రావాలి. ఆయన భార్య ఐలీన్ కూడా యుద్ధం మొదట్లో సమాచార శాఖలో సెన్సారు విభాగంలో పనిచేసింది. ఆ శాఖ ఉన్న సెనేట్ హౌస్ అనే తెల్లటి ఎత్తయిన భవనమే నవలలో సత్య మంత్రిత్వ శాఖ అయింది. విన్‌స్టన్ బల్ల, సుద్దముక్కలా అరిగిపోయిన అతని మనసు ఆర్వెల్ ఊహలోంచి ఊడిపడినవి కావు. తను కూర్చున్న కుర్చీ నుంచే రాశాడు. రేడియో మైకు ముందు కూర్చుని మాట్లాడేవాడిగా ఈ సంగతి నన్ను చాలా కలవరపెట్టింది. మైకు ఒకటే, దాంట్లోంచి 30 అన్నది పోవచ్చు, 20 పెరిగిందన్నదీ పోవచ్చు.

ఇంత కోపంతో చదువుతూ పోతుంటే నవల మధ్యలో ఒక చోట కోపం ఆగిపోయింది. విన్‌స్టన్‌కు చిన్నప్పటి సంగతి కలలో గుర్తొస్తుంది. యుద్ధకాలం, ఆకలి. తల్లి, తను, జబ్బుతో ముడుచుకుపోయిన రెండు మూడేళ్ల చెల్లెలు. ఎన్నాళ్లకో ఒక చిన్న చాక్లెట్ ముక్క రేషన్లో వచ్చింది. మొత్తం నాకే కావాలని ఈ పిల్లాడు ఏడ్చి గోల చేస్తాడు. తల్లి ముప్పాతిక భాగం తుంచి వీడికిచ్చి, పావు భాగం చెల్లెలి చేతిలో పెడుతుంది. ఆ పసిది అదేమిటో తెలియక చూస్తూ ఉంటే, వీడు ఒక్క ఉదుటున దాన్ని కూడా లాక్కుని పారిపోతాడు. తల్లి వెనక్కి పిలుస్తుంది. తిట్టదు. చెల్లెలిని చెయ్యి చుట్టి దగ్గరికి తీసుకుంటుంది. చాక్లెట్ కరిగిపోయాక సిగ్గుపడుతూ ఇంటికొస్తే తల్లీ లేదు, చెల్లెలూ లేదు. మళ్లీ ఎన్నడూ కనపడలేదు.

దీన్ని మన సీమ మనిషి ఎట్లా తట్టుకుంటాడు చెప్పండి. 1952 కరువులో ఇక్కడ గంజి కేంద్రాలు నడిచినాయి. సట్టి పట్టుకుని వరసలో నిలబడ్డ కాలం గురించి మా అవ్వ చెబుతూ, తమ్ముడి వాటా గంజి దోవలోనే తాగేసిన పిల్ల గురించి ఒకసారి చెప్పింది. ఆ పిల్ల ఎవరని అడిగితే చెప్పలేదు. నేను మళ్లీ అడగలేదు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో రంగడు, గంగమ్మల ఆకలి చదివి ఏడ్చినవాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆర్వెల్ నవలలో ఈ నాలుగు పేజీలు ఆ వరసలో చేరేవి. ఇక్కడ నాకు ఒకటి అర్థమైంది. పార్టీ విన్‌స్టన్ దగ్గర్నుంచి లాక్కున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది ఆ తల్లి చెయ్యి. పిల్లకు తిండి పెట్టలేకపోయినా చుట్టూ చెయ్యి వేసిందే, అది. ఆ రాజ్యంలో పిల్లలు తల్లిదండ్రులను పోలీసులకు పట్టిస్తారు. పార్సన్స్ అనే పక్కింటాయనను ఏడేళ్ల సొంత కూతురే పట్టిస్తుంది. జైలు గదిలో అతను ఏమంటాడు? నా బిడ్డను బాగా పెంచానని గర్వపడతాడు. చిత్రహింసల గది గురించి నవలలో చాలా ఉంది, దాని గురించి నేను ఎక్కువ చెప్పను. పార్సన్స్ గర్వం దగ్గర నాకు వెన్ను చల్లబడింది.

మన దేశానికి ఈ నవల దగ్గరగా వచ్చిన కాలం ఒకటుంది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటించారు. కాకతాళీయమే అయినా అది ఆర్వెల్ పుట్టినరోజు. మరునాడు పొద్దున ప్రధాని ఇందిరాగాంధీ ఆకాశవాణిలోనే ఆ సంగతి దేశానికి చెప్పారు. అంతకుముందు రాత్రే ఢిల్లీలో పత్రికాఫీసులకు కరెంటు తీసేశారు. సెన్సారు వచ్చింది. 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' జూన్ 28న సంపాదకీయం జాగాను తెల్లగా వదిలేసి నిరసన చెప్పింది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఎమర్జెన్సీలో మనిషిని అన్యాయంగా నిర్బంధించినా కోర్టుకు పోయే హక్కు లేదని నలుగురు న్యాయమూర్తులు అన్నారు. కాదన్నది జస్టిస్ హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే. అక్రమంగా ప్రాణం తీసినా దిక్కులేదా అని ఆయన విచారణలో అడిగితే, చట్టరీత్యా లేదనే ప్రభుత్వం తరఫు జవాబు. నవలలో మనుషులు రాత్రికి రాత్రి ఆవిరైపోతారు, వాళ్ల పేర్లు కూడా మిగలవు. ఆ పేజీలు చదివి ఈ తీర్పు చదివినా, ఈ తీర్పు చదివి ఆ పేజీలు చదివినా కాళ్ల కింద నేల ఒకే రకంగా కదులుతుంది.

ఆ కాలానికి మన అనంతపురం ఇచ్చిన మనుషులు ఇద్దరున్నారు, పైగా బంధువులు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి, తర్వాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి. నాగిరెడ్డి అక్కచెల్లెళ్లలో ఒకరు సంజీవరెడ్డి భార్య. యుద్ధం వల్ల జనం బతుకు ఎట్లా చితికిపోతుందో 1940లో పుస్తకం రాసినందుకే నాగిరెడ్డిని తెల్లవాళ్లు జైల్లో పెట్టారు. 1952 ఎన్నికల్లో జైల్లో ఉండే పోటీచేసి అనంతపురంలో సంజీవరెడ్డినే ఓడించాడు. 1969లో శాసనసభ నాకొద్దని రాజీనామా చేశాడు. ఎమర్జెన్సీలో రహస్య జీవితం గడుపుతూ 1976 జూలై 28న చనిపోయాడు. కోర్టులో వాంగ్మూలంగా రాసిన 'తాకట్టులో భారతదేశం' ఆయన పోయిన తర్వాతే పుస్తకమై వచ్చింది. సంజీవరెడ్డిది ఇంకో దారి. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ఓడి, ఇక్కడికొచ్చి సేద్యం చేసుకుంటూ ఉండిపోయి, 1975లో మళ్లీ బయటికొచ్చాడు. నాగిరెడ్డి పోయిన ఏడాదికి, 1977 జూలై 25న, రాష్ట్రపతి అయ్యాడు. ఎమర్జెన్సీ తలుపులకు గట్టి గడియ బిగించిన 44వ రాజ్యాంగ సవరణ మీద 1979 ఏప్రిల్ 30న సంతకం చేసింది ఆయనే. 'అంతర్గత కల్లోలం' అనే సాకు చెప్పి ఎమర్జెన్సీ పెట్టడానికి ఇప్పుడు వీల్లేదు, సాయుధ తిరుగుబాటు ఉండాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన హక్కును ఏ ఎమర్జెన్సీలోనూ పక్కనపెట్టడానికి లేదు. బావమరిది రహస్యంగా ప్రాణం విడిచిన చీకటి మళ్లీ రాకుండా బావ సంతకం చేశాడు. ఇద్దరి రాజకీయాలకు పొంతన లేకపోవచ్చు. ఒక్క నేల మీద పుట్టిన ఈ రెండు బతుకులు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అయితే 1977 లోక్‌సభ ఎన్నికల్లో మనం ఓటెట్లా వేశాం? ఉత్తరాదిలో కాంగ్రెస్ ఊడ్చుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చినాయి. జనతా పార్టీ తరఫున గెలిచింది నంద్యాలలో సంజీవరెడ్డి ఒక్కరే. దీనికి కారణాలు చాలా చెబుతారు. ఎమర్జెన్సీ అత్యాచారాలు ఇక్కడ అంతగా తగల్లేదని కొందరు, ఇళ్లస్థలాలు, భూములు ఇస్తారన్న ఆశ అని కొందరు. ఇంకో మాట కూడా తరచూ వింటుంటాను. కడుపు నిండనోడికి పత్రికాస్వేచ్ఛతో ఏం పనని. ఈ మాట వింటే మాత్రం ఊరుకోలేను. కడుపు నిండినవాడికే ఆ స్వేచ్ఛ లేకపోయినా గడుస్తుంది. వాడి ఇంట్లో గాదె ఉంది, లెక్క ఎట్లా రాసినా గాదె ఖాళీ కాదు. ఎండిన చేను గలవాడికి లెక్కే గాదె. పౌను చాలదని రాసే కార్నిష్ కావాలి, వీధిలో శవాన్ని ఫోటో తీసే పత్రిక కావాలి, మా ఊళ్లో వాన పడలేదని గట్టిగా అనే నోరు కావాలి. స్వతంత్రంగా ఎన్నికలు, పత్రికలు నడిచే దేశంలో పెద్ద కరువుచావులు జరగవని అమర్త్యసేన్ ఆ తర్వాత గట్టిగా వాదించాడు. ధాత కరువు తిన్న మనకు ఆ వాదన పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సింది కాదు.

నవల చివరికొస్తే విన్‌స్టన్ పట్టుబడతాడు. ఓబ్రయన్ అనే పెద్ద అధికారి అతన్ని బల్లకు కట్టేసి, నాలుగు వేళ్లు చూపించి ఎన్నని అడుగుతాడు. పార్టీ ఐదంటే ఐదు. రెండూ రెండూ నాలుగని చెప్పగలగడమే స్వేచ్ఛ అని డైరీలో రాసుకున్న మనిషి, నొప్పికి ఓర్వలేక ఐదంటాడు. అది నేను తట్టుకున్నాను. దెబ్బలకు ఎవరైనా ఐదంటారు. తట్టుకోలేకపోయింది ఆ తర్వాతి క్షణాన్ని. ఒక్క లిప్తపాటు అతనికి నిజంగానే ఐదు వేళ్లు కనిపిస్తాయి. అబద్ధం చెప్పించడంతో ఆ రాజ్యానికి తృప్తి లేదు, అతని కళ్లే తనవి కావాలి. కోపమూ జాలీ అన్నీ పోయి అక్కడ నాకు మిగిలింది దుఃఖం. పచ్చటి ఆకు కింద ఎండిన ఊడలను చూపించిన మా మామ, ఆ సర్కారు కాగితం ఇన్నిసార్లు చదివి వినిపించాక, ఏదో ఒకనాడు 'ఏమో, వాన పడిందేమో' అనుకుంటే? ఆయన అట్లా అనుకునే మనిషి కాదు. అందరూ ఆయనలా ఉండరు.

అయితే కాగితానికి ఎదురు నిలబడే నోళ్లను నేను ఒకచోట చూశాను. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ చట్టంలో ఒక ఏర్పాటు పెట్టారు, సోషల్ ఆడిట్. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారని రాశారో, ఎంత కూలి ఇచ్చామని రాశారో, ఆ మస్టరు రోల్ తీసుకొచ్చి ఊరి మధ్య, కూలీల ముందర పైకి చదవాలని. అట్లాంటి గ్రామసభ ఒకదానికి నేను పోయాను. షామియానా కింద జనం, ముందర బల్ల మీద కట్టలకు కట్టలు కాగితాలు. చదివే పిల్లోడు ఒకామె పేరు చదివి, ఆరు దినాల పని, ఇంత కూలి అన్నాడు. వెనక వరసలోంచి ఆమె లేచింది.

"ఆ వారం నేను పనికే పోల్యా. మా బిడ్డ కాన్పుకు కదిరికి పోయింటి. నా పేరు మీద దుడ్డు ఎవురు తీసుకుండారో వాళ్లను పిలిపించండి."

బల్ల వెనక కూర్చున్నవాళ్లలో ఒకరు కాగితంలో ఉంది కదా అన్నారు. "కాగితంలో ఉంటే ఉండనీ సామీ, నేను కదిర్లో ఉంటి" అని ఆమె కూర్చోకుండా అట్లాగే నిలబడింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు అవునని సాక్ష్యం చెప్పారు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, ఆమెకే చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నారు. ఇంకో పేరు చదివారు. ఈసారి లేచింది ఒక ముసలాయన. పొద్దు గుంకేదాకా ఆ ఊరు తన లెక్క తానే చదివించుకుని వింది, తప్పున్న చోటల్లా కేకలేసి ఆపింది.